అల్ కూజ్ క్యాంపు నుంచి జగిత్యాల దాకా: ఒక మనిషిని ఇంటికి పంపిన అనుభవం

ముందు చేయకూడని పని చెప్తాను. దుబాయిలో కూలీలు ఉండే క్యాంపు గదిలో మనిషి నిద్రలోనే పోయాడని తెలిస్తే అతన్ని మంచం మీది నుంచి దించకండి. మన దిక్కు ప్రాణం పోయినవాణ్ణి మంచం మీద ఉంచరు. కింద పడుకోబెట్టి తల దగ్గర దీపం పెడతారు, కళ్ళు మూస్తారు, కాలి బొటనవేళ్ళు కలిపి కడతారు. దుబాయిలో ఇవేవీ చేయొద్దు. పోలీసులు వచ్చి ఫొటోలు తీసేదాకా దుప్పటి కూడా సర్దొద్దు. మంచం జరిగినా, చేయి కదిలినా ఎవరు కదిపారు, ఎందుకు కదిపారు అన్న ప్రశ్న వస్తుంది. అది తేలేదాకా దేహం మార్చురీలోనే ఉంటుంది.

2024 చివర్లో దుబాయి అల్ కూజ్‌లోని మా క్యాంపు గదిలో ఒకాయన ఇలాగే పోయాడు. జగిత్యాల జిల్లా మనిషి, వయసు నలభై దాటింది, రక్తపోటుకు గోళీలు వేసుకునేవాడు. ఎనిమిది మంచాల గది మాది. మేమిద్దరం జగిత్యాల వైపు వాళ్ళం, ఇద్దరు సిల్హెట్ నుంచి వచ్చిన బంగ్లాదేశీలు, ఇద్దరు పెషావర్ పఠాన్లు, ఒక నేపాలీ, ఒక మలయాళీ. అంతకుముందు నేను వేరే వాళ్ళ కోసం ఇవే ఆఫీసుల చుట్టూ నాలుగుసార్లు తిరిగి ఉన్నాను. అయినా ప్రతిసారీ ఏదో ఒక కాగితం దగ్గర ఆగిపోయేవాణ్ణి. ఈసారి ఏ రోజుది ఆ రోజు నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. క్యాంపుల్లో ఉన్నవాళ్ళకూ, ఊళ్ళో ఫోను పట్టుకుని ఎదురుచూసేవాళ్ళకూ పనికొస్తుందని ఇక్కడ వరసగా చెప్తున్నాను.

గురువారం రాత్రి పడుకున్నవాడు శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికి అలారం మోగుతున్నా లేవలేదు. పై మంచం మీది నేపాలీ దిగి చూశాడు. పఠాన్లలో పెద్దాయన దగ్గరికి వెళ్ళి, 'ఇన్నా లిల్లాహి' అనుకుంటూ కళ్ళు మూయడానికి చేయి చాపి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. వాళ్ళలోనూ అంతే: కళ్ళు మూస్తారు, దవడకు గుడ్డ కడతారు, కాళ్ళ బొటనవేళ్ళు కడతారు. ఆ గదిలో ఉన్న అందరికీ తమ తమ ఇళ్ళల్లో చేసే పని అదే. అందరమూ చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. పెద్దాయన గుమ్మంలో అడ్డంగా నిలబడి పక్క గదుల వాళ్ళను లోపలికి రానివ్వలేదు. ఆయన చేసిన ఆ ఒక్క పని వల్ల మాకు కనీసం ఒక రోజు కలిసొచ్చిందని నా నమ్మకం.

ఫోను చేయాల్సింది 999కి. అంబులెన్సు నంబరు 998. ఊపిరి ఉందేమో అన్న అనుమానం ఏ మాత్రం ఉన్నా ముందు 998కే చేయాలి. క్యాంప్ బాస్‌కు చెప్పి, అతను కంపెనీకి చెప్పి, కంపెనీ మందూబ్ (ప్రభుత్వ ఆఫీసుల పనులు చూసే కంపెనీ మనిషి) వచ్చి ఫోను చేయాలని కూర్చోవద్దు. పోలీసులు వచ్చాక అడిగేవి ఇవి: చివరిసారి ఎవరు మాట్లాడారు, ఏం తిన్నాడు, ఏ మందులు వాడేవాడు, ఎవరితోనైనా గొడవ ఉందా. మాత్రల పట్టీలు, ఆసుపత్రి చీటీలు ఉన్నవి ఉన్నట్టు చూపించాలి. రాత్రి తాగి పడుకుని ఉంటే అదీ దాచొద్దు. పరువు పోతుందని మనవాళ్ళు దాస్తారు, తర్వాత పరీక్షలో బయటపడితే గదిలో ఉన్నవాళ్ళందరి మాట మీదా నమ్మకం పోతుంది. సహజ మరణమని పోలీసు డాక్టరు నిర్ధారిస్తే పని త్వరగా సాగుతుంది. అనుమానం ఉంటే పోస్టుమార్టం, దాని రిపోర్టు, ప్రాసిక్యూషన్ అనుమతి. అప్పుడు రోజుల లెక్క మన చేతిలో ఉండదు.

ఇక్కడ అందరూ మరిచేది ఒకటుంది. పోయినవాడి ఫోను పోలీసులు తీసుకుంటారు. ఇంటివాళ్ళ నంబర్లన్నీ అందులోనే ఉంటాయి, దానికి లాక్ ఉంటుంది. మా గదిలో అతని అల్మారా తలుపు లోపలివైపు కాగితం మీద ఇంటి నంబరు రాసి అంటించి ఉండబట్టి సరిపోయింది. ఆ అలవాటు మా అందరికీ నేర్పింది మలయాళీ. ప్రతివాడూ రెండు నంబర్లు, రక్తం గ్రూపు, పాస్‌పోర్టు నంబరు రాసి అంటించుకోవాలి.

ఇంటికి ఎలా చెప్పాలో కూడా చెప్తాను. భార్యకు నేరుగా ఫోను చేయొద్దు. ఊళ్ళో అన్నదమ్ములుంటే వాళ్ళకు, లేకుంటే సర్పంచుకో కులపెద్దకో చెప్పి, మనిషి ఇంటికి వెళ్ళాక మాట్లాడాలి. గది ఫొటోలు, మంచం ఫొటోలు వాట్సాప్‌లో పెట్టొద్దు. పోలీసు కేసు అవుతుంది సరే, అంతకంటే ముందు ఆ ఫొటో పిల్లల ఫోనుకు చేరుతుంది. నేను వాళ్ళ అన్నకు చేశాను. చాలాసేపు మాట రాలేదు. తర్వాత ఆయన అడిగిన మొదటి మాట, 'తమ్మీ, మొఖం సూడనీకి ఉంటదా?' ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ మొదట ఇదే అడుగుతారు. 'ఉంటది అన్నా' అని చెప్పాలంటే ఎంబామింగ్, అంటే దేహం చెడకుండా మందు ఎక్కించడం, ఎంత త్వరగా అయితే అంత మంచిది. దానికి కావలసిన కాగితాలు ఆ రోజే మొదలుపెట్టాలి.

ఊరి నుంచి వెంటనే తెప్పించుకోవాల్సినవి: దేహాన్ని ఇండియాకు పంపడానికి సమ్మతిస్తున్నట్టు భార్య సంతకంతో లేఖ, భార్య ఆధార్, ఇద్దరి సంబంధం తెలిసే కాగితం ఒకటి, హైదరాబాద్ విమానాశ్రయంలో పెట్టెను తీసుకునే మనిషి పేరు, ఆధార్, ఫోను నంబరు. దుబాయిలో రక్తసంబంధీకుడు ఎవరూ లేకపోతే కాగితాలు నడిపే మనిషి పేరున నోటరీ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ కూడా కావాలి. భార్య సంతకం బదులు అన్న సంతకం పెట్టి పంపడం మామూలుగా జరిగే పొరపాటు. భార్య బతికి ఉండగా ఇంకొకరి సంతకం చెల్లదు. ఆమెకు రాయడం రాకపోతే వేలిముద్ర, పక్కన ఇద్దరు సాక్షులు. స్కాన్ చేసి పంపితే పని మొదలవుతుంది, అసలు కాగితం దాచి ఉంచాలి.

దుబాయిలో కాగితాల వరస ఇది. ఆసుపత్రి లేదా పోలీసు డాక్టరు ఇచ్చే మరణ సమాచార పత్రం మొదటిది. దాని ఆధారంగా హెల్త్ అథారిటీ మరణ ధ్రువీకరణ పత్రం ఇస్తుంది. అరబ్బీలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, రెండూ తీసుకోవాలి. పోలీస్ స్టేషన్ నుంచి అభ్యంతరం లేదనే లేఖలు: మార్చురీకి ఒకటి, ఎంబామింగ్‌కు ఒకటి, విమానాశ్రయానికి ఒకటి. కంపెనీ మందూబ్ వీసా రద్దు చేయించాలి. ఆ తర్వాత ఇండియన్ కాన్సులేట్‌లో మూడు పనులు: మరణం నమోదు, పాస్‌పోర్టు రద్దు, దేహం తరలించడానికి అనుమతి లేఖ. రద్దు ముద్ర వేసిన పాస్‌పోర్టును తిరిగి ఇస్తారు, పోగొట్టుకోవద్దు. కాన్సులేట్‌లో మరణం నమోదు చేయిస్తే ఆ పత్రం ఊళ్ళో బ్యాంకుకూ ఎల్ఐసీకీ పనికొస్తుంది. చాలామంది తొందరలో ఇది వదిలేసి ఏడాది తర్వాత తిప్పలు పడతారు. ప్రతి కాగితానికీ పది జిరాక్సులు తీసి కవర్లో పెట్టుకోండి. ప్రతి కిటికీ దగ్గరా ఒకటి అడుగుతారు.

శుక్రవారం తెల్లవారుజామున పోతే ఇంకో చిక్కు ఉంది. 2022 జనవరి నుంచి యూఏఈలో ప్రభుత్వ ఆఫీసులకు శుక్రవారం సగం పూటే పని, శని ఆదివారాలు సెలవు. స్టేషన్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కాన్సులేట్ వాళ్ళు కూడా మరణాల విషయంలో సెలవు రోజున మాట్లాడతారు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 800 46342, రాత్రింబవళ్ళు ఎత్తుతారు. కానీ వీసా రద్దు లాంటి పనులు సోమవారానికి పడతాయి. అందుకని శుక్రవారం మధ్యాహ్నంలోపు మరణ సమాచార పత్రం, పోలీసు లేఖలు చేతికి వస్తే చాలు, ఆదివారం ఖాళీగా పోయినా బాధ లేదు. మాకు ఆ రోజు పదకొండున్నరకు అవి దొరికాయి. కంపెనీ మందూబ్ సూడాన్ మనిషి. శుక్రవారం నమాజుకు వెళ్ళాల్సినవాడు, కిటికీ మూసేదాకా వరసలోనే నిలబడ్డాడు.

ఇక పేరు గురించి. అన్ని ఆలస్యాల్లో పెద్ద ఆలస్యం దీనివల్లనే వస్తుంది, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

అరబ్బీలో 'ప' అక్షరం లేదు, 'చ' లేదు. మన పోచయ్యను అరబ్బీలో రాస్తే బోషయ్య అవుతాడు, పోశెట్టి బోశెట్టి అవుతాడు. దాన్నే ఎవరో మళ్ళీ ఇంగ్లీషులోకి దించితే 'బి' అక్షరంతో మొదలయ్యే కొత్త మనిషి తయారవుతాడు. పాస్‌పోర్టులో ఒక పేరు, మరణ పత్రంలో ఇంకో పేరు. విమాన కార్గో వాళ్ళు ఆపుతారు. వాళ్ళు చూడకపోతే హైదరాబాద్‌లో ఆగుతుంది. అక్కడా దాటితే ఇన్సూరెన్సు దగ్గర ఆగుతుంది. పైగా మన ఇంటిపేర్ల గోల: కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, కొందరికి వెనక, కొందరికి తండ్రి పేరే ఇంటిపేరు స్థానంలో ఉంటుంది.

మా పత్రం టైపు చేయించిన సెంటర్‌లో కూర్చునే మనిషి పెషావర్ వాడు, మా గది పఠాన్లకు తెలిసినవాడు. ఉర్దూ, పష్తో, అరబ్బీ మూడూ చదువుతాడు. మా కాగితం తీసుకుని పేరు దగ్గర వేలు ఆనించి, ఉర్దూలో 'బ' కింద ఒక చుక్క, 'ప' కింద మూడు చుక్కలు, అరబ్బీ కాగితాల్లో ఆ మూడు చుక్కలు వేయరు అని చూపించాడు. తనదీ 'ప'తో మొదలయ్యే ఊరే, తన వీసా మీదా ఆ ఊరు 'బ'తోనే ఉందట. తర్వాత చెప్పిన మాట ప్రతివాడూ గుర్తుంచుకోవాలి: పేరును అరబ్బీలో కొత్తగా రాయించొద్దు. ఎమిరేట్స్ ఐడీ (ఇక్కడి గుర్తింపు కార్డు) మీద ఉన్న అరబ్బీ పేరును అక్షరం మార్చకుండా దించమనాలి. ఇంగ్లీషు పేరు పాస్‌పోర్టు చూసి దించమనాలి. 784తో మొదలయ్యే ఐడీ నంబరు, పాస్‌పోర్టు నంబరు రెండూ పక్కనే వేయించాలి. పేరు ఎటుపోయినా నంబరు మనిషిని పట్టిస్తుంది. అచ్చు తీసే ముందు తెర మీద చూపిస్తారు, అప్పుడే ఒక్కొక్క అక్షరం చదువుకోవాలి. ముద్ర పడ్డాక దిద్దడం అంటే మళ్ళీ మొదటి కిటికీకి వెళ్ళడమే. ఆయన మాకోసం మూడుసార్లు దిద్దాడు. టైపింగ్ డబ్బులు ఇస్తే తీసుకోలేదు.

డబ్బు సంగతి. యూఏఈలో 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం 27వ అధికరణ ప్రకారం, కుటుంబం అడిగితే దేహాన్ని సిద్ధం చేసి స్వదేశానికి పంపే ఖర్చంతా యజమానే పెట్టుకోవాలి. రావలసిన జీతం, సర్వీసు డబ్బు పది రోజుల్లోపు కుటుంబానికి ఇవ్వాలి. మందూబ్‌తో మాట్లాడేటప్పుడు ఈ అధికరణ నంబరు చెప్పండి, మాట మారుతుంది. వీసా లేకుండా ఖల్లివల్లిగా ఉన్నవాడైతే యజమాని ఉండడు. అప్పుడు కాన్సులేట్ దగ్గరున్న ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ నుంచి అడగాలి. కుటుంబం పేదదని కాగితం పెట్టాలి. అది 2009లో మొదలైన నిధి, పాస్‌పోర్టు సేవల కోసం మనందరి దగ్గరా వసూలు చేసే చిన్న మొత్తాలతోనే నిండుతుంది. అడగడానికి సిగ్గుపడొద్దు.

గదిలో చందాలు వేసి సోషల్ మీడియాలో పోస్టులు పెట్టొద్దు. అనుమతి లేకుండా విరాళాలు పోగుచేయడం యూఏఈలో నేరం. మంచి మనసుతో చేసినవాళ్ళే ఇరుక్కుంటారు.

విమానం ఖర్చు ఒకప్పుడు కిలోల లెక్కన ఉండేది. మనిషిని పెట్టెతో సహా కాంటా మీద పెట్టి తూచేవాళ్ళు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళంతా, ముఖ్యంగా కేరళవాళ్ళు, ఏళ్ళ తరబడి దీనిమీద కొట్లాడారు. 2019 జనవరిలో ఎయిరిండియా యూఏఈ నుంచి పెద్దవాళ్ళకు 1,500 దిర్హాములు, 12 ఏళ్ళలోపు పిల్లలకు 750 అని ఒకే రేటు పెట్టింది. ఇప్పటి రేటు ఎంతో బుక్ చేసేటప్పుడు కార్గో ఆఫీసులోనే అడగండి, మధ్యవర్తి చెప్పిన మాట నమ్మొద్దు. మార్చురీ బయట తిరిగే ఏజెంట్లు చాలామంది ఉంటారు. ఖర్చు రెండింతలు చెప్పి, అటు కంపెనీ దగ్గరా ఇటు కుటుంబం దగ్గరా తీసుకునేవాళ్ళూ ఉంటారు. డబ్బు తీసుకోకుండా చేసేవాళ్ళూ ఉన్నారు. అజ్మాన్‌లో ఉండే కేరళ మనిషి అష్రఫ్ తామరశ్శేరి ఈ పనిలో వేల దేహాలను ఇళ్ళకు చేర్చాడు. మనవాళ్ళవే కాదు, ఎన్నో దేశాలవాళ్ళవి. 2015లో భారత ప్రభుత్వం ఆయనకు ప్రవాసీ భారతీయ సమ్మాన్ ఇచ్చింది. ఇప్పుడు గల్ఫ్‌లో ఏ కాగితం తర్వాత ఏ కాగితమో మామూలు కూలీ కూడా చెప్పగలుగుతున్నాడంటే, ఆయనలాంటి వాళ్ళు ముందు నడిచారు కాబట్టే.

సౌదీ సంగతి వేరని ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. అక్కడ కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) సహకారం, పోలీసు రిపోర్టు, ఫైనల్ ఎగ్జిట్ (దేశం విడిచి పోయే చివరి అనుమతి) లేనిదే దేహం కదలదు. పారిపోయాడని కఫీల్ కేసు పెట్టి ఉంటే నెలలు పట్టొచ్చు. ఇంటివాళ్ళ పవర్ ఆఫ్ అటార్నీ అక్కడ మొదటి రోజే కావాలి. దుబాయి లెక్కతో ఊళ్ళో వాళ్ళకు రోజులు చెప్పి ఆశపెట్టొద్దు.

మా దగ్గర ఎంబామింగ్ ముహైస్నాలో, మనవాళ్ళు సోనాపూర్ అనే చోట చేస్తారు. రక్తనాళాల్లోకి ఫార్మలిన్ ఎక్కించి దేహం చెడకుండా చేసే పని ఇది. పోలీసు లేఖ, మరణ పత్రం, కాన్సులేట్ అనుమతి, టికెట్ బుకింగ్ వివరం నాలుగూ చూపించాకే తీసుకుంటారు. కొత్త బట్టలు ముందే ఇచ్చిపెట్టాలి: తెల్ల చొక్కా, ధోతీ. గుండీలు ఉన్న చొక్కా మేలు, తల మీది నుంచి వేసే బనియన్ అయితే వేయడం కష్టం. ఆ పని చేసే మనిషి కూడా మన భాషవాడు కాదు. ధోతీ ఎటువైపు మడవాలో నన్ను సైగతో అడిగాడు. నేను అతని చేతి మీది నుంచి మడత తీసి చూపిస్తే, తన చేత్తో మళ్ళీ మడిచి సరిపోయిందా అన్నట్టు చూశాడు.

కడసారి చూపుకు నాలుగైదు నిమిషాలు ఇస్తారు. మా గదివాళ్ళు ఏడుగురం, పక్క గదుల నుంచి ఇంకొందరు వచ్చారు. సగం రోజు జీతం కోత పడుతుందని తెలిసే వచ్చారు. దండలు వేయొచ్చు, అగరొత్తులు వెలిగించనివ్వరు. విభూతి నేను పెట్టాను. సిల్హెట్ వాళ్ళిద్దరూ రెండు చేతులూ ముందుకు చాపి నిలబడ్డారు. నేపాలీ పాదాలు ముట్టి దండం పెట్టాడు. ఎవరికి తెలిసిన పద్ధతి వాళ్ళది. ఇది మా మతం కాదే అనే ఆలోచన ఆ గదిలో ఎవరి ముఖంలోనూ కనబడలేదు. ఊరికి వీడియో కాల్ చేయాలనిపిస్తుంది, అక్కడ ఫోను తీయనివ్వరు. ఇంటివాళ్ళకు ఈ మాట ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే ఫోను పట్టుకుని ఎదురుచూస్తారు.

పెట్టెను గాలి చొరకుండా మూసి, పైన పేరు, పాస్‌పోర్టు నంబరు, తల ఉన్న వైపు గుర్తు వేస్తారు. తల వైపు గుర్తు తప్పకుండా అడిగి వేయించుకోండి. ఊళ్ళో దింపేటప్పుడు, గుమ్మం ముందు పెట్టేటప్పుడు ఇది తెలియకే తికమక పడతారు. విమానం టైముకు కనీసం నాలుగైదు గంటల ముందు పెట్టె కార్గోలో ఉండాలి. వెంట వెళ్ళే మనిషికి అదే విమానంలో టికెట్ తీయాలి.

ఇండియా వైపు పని చాలామందికి తెలియదు. పెట్టె దిగేలోపే విమానాశ్రయ ఆరోగ్య అధికారి అనుమతి ఉండాలి. 2023 నుంచి దీనికి కేంద్ర ఆరోగ్య శాఖ ఈ-కేర్ అనే పోర్టల్ పెట్టింది. మరణ పత్రం, ఎంబామింగ్ సర్టిఫికెట్, కాన్సులేట్ అనుమతి, రద్దు చేసిన పాస్‌పోర్టు నాలుగూ అందులో ఎక్కించాలి. దుబాయి నుంచి బయలుదేరే ముందే ఎక్కిస్తే శంషాబాద్‌లో వేచి ఉండే పని తప్పుతుంది. శంషాబాద్‌లో ప్రయాణికుల గేటు దగ్గర నిలబడొద్దు, కార్గో టెర్మినల్‌కు వెళ్ళాలి. కాగితంలో ఎవరి పేరుందో ఆ మనిషే అసలు ఆధార్‌తో రావాలి. మేనమామ పేరు రాసి బామ్మర్దిని పంపిన కేసులో పెట్టె నాలుగు గంటలు అక్కడే ఉండటం నేను చూశాను. విమానాశ్రయం నుంచి ఊరిదాకా తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా అంబులెన్సు ఇస్తుంది, ఒక రోజు ముందే ఎన్నారై విభాగానికి విమానం నంబరు చెప్పాలి. ఆంధ్ర వాళ్ళు ఏపీ ఎన్నార్టీ సొసైటీని అడగాలి.

పెట్టె తెరిచేటప్పుడు: ఆరుబయట తెరవాలి, ఇంట్లో కాదు. మూత తీయగానే మందు ఘాటుకు కళ్ళు మండుతాయి. పది నిమిషాలు దూరంగా ఉండి అప్పుడు దగ్గరికి వెళ్ళాలి. పిల్లల్ని, గర్భిణుల్ని వెంటనే దగ్గరికి పంపొద్దు. ముఖం రంగు మారి, కొంచెం ఉబ్బి ఉండొచ్చు. అది మందు వల్ల, అతన్ని ఎవరో కొట్టినందువల్ల కాదు. ఈ ఒక్క మాట ముందే చెప్పకపోవడం వల్ల ఊళ్ళల్లో ఎన్ని అనుమానాలు పుడతాయో! వాళ్ళ అన్నకు నేను రెండుసార్లు చెప్పి, మళ్ళీ ఆయన చేత చెప్పించుకున్నాను. ఆలస్యం బాగా అయి దేహం పాడైందని ఇక్కడి డాక్టరు చెప్తే తెరవకపోవడమే మంచిది. అలాంటప్పుడు కుటుంబం ఒప్పుకుంటే జెబెల్ అలీలోని హిందూ శ్మశానవాటికలో దహనం చేసి అస్థికలు పంపవచ్చు. అది తక్కువ పని, కానీ నిర్ణయం ఇంటివాళ్ళదే. గదివాళ్ళు తొందరపెట్టకూడదు.

మంగళవారం రాత్రి విమానం, బుధవారం పొద్దున ఊరు చేరింది. కానీ పని అక్కడితో అయిపోదు.

పోయినవాడి అప్పుల లెక్క, అతనికి రావలసిన లెక్క గదిలోనే తేలాలి. ఇతను ఒక చిన్న నోటుబుక్కులో రాసుకునేవాడు. తన పద్దులు తెలుగులో ఉన్నాయి, అప్పు తీసుకున్నవాళ్ళు తమ చేత్తో తమ లిపిలో రాసి సంతకం పెట్టారు. కూర్చుని లెక్కపెడుతుంటే సిల్హెట్ మనిషి పద్దు 800 అని చదివాను. అతను 400 తెచ్చి నా ముందు పెట్టాడు. ఒక క్షణం నాకు మనసులో ఏదోలా అయింది. రెండో సిల్హెట్ అతను పేజీ తీసుకుని చూపించాడు: బెంగాలీలో నాలుగు అంకె అచ్చం మనం వాడే ఎనిమిదిలా ఉంటుంది, ఏడేమో తొమ్మిదిలా. పఠాన్ పద్దులో ఇంకోరకం: అరబ్బీ అంకెల్లో ఐదు మన సున్నలా గుండ్రంగా, సున్న ఒక చుక్క. 50 అని రాసింది మనకు సున్న, పక్కన చుక్కలా కనిపిస్తుంది. ఇలాంటి లెక్క చూసేటప్పుడు ఆ లిపి చదివే మనిషిని పక్కన పెట్టుకోండి. లేకపోతే నిజాయితీపరుణ్ణి దొంగను చేస్తారు. చూసినవాళ్ళు, అడిగేవాళ్ళు లేకపోయినా, పుస్తకంలో లేని 150 కూడా నేపాలీ తెచ్చి ఇచ్చాడు. మొత్తం 1,370 దిర్హాములు ఎక్స్ఛేంజ్ ద్వారా భార్య ఖాతాకు పంపి రసీదు ఫొటో తీసి పెట్టాం.

ఊళ్ళో చేయాల్సిన దరఖాస్తులు రెండున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరు ఉత్తర్వుతో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తున్నది. 2023 డిసెంబరు 7 తర్వాతి మరణాలకు వర్తిస్తుంది. దరఖాస్తు కలెక్టరేట్‌లో పెట్టాలి. మరణ పత్రం, రద్దయిన పాస్‌పోర్టు, పని వీసా కాపీ కావాలి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి విదేశం పోయేముందు మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి) మీద వచ్చినవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణమైతే 10 లక్షలు వస్తాయి. నిద్రలో గుండె ఆగి పోతే దాని కింద రాదు. మన వాళ్ళలో నేను చూసిన చావులు ఎక్కువ నిద్రలో పోయినవే. అందుకే దుబాయి కాన్సులేట్ చొరవతో 2024 మార్చిలో వచ్చిన జీవిత రక్షణ పథకం గురించి కంపెనీలో అడగండి. ఏడాదికి 72 దిర్హాములు కడితే సహజ మరణానికి కూడా 75,000 దిర్హాముల దాకా, దేహం పంపడానికి 12,000 దాకా వచ్చేలా మొదలుపెట్టారు.

చివరిది సామాను. ఉంగరం, నగదు, ఫోను పోలీసుల దగ్గర నుంచి రసీదు మీద తీసుకోవాలి. మిగతావి గదిలో నలుగురి ముందు లెక్కపెట్టి కాగితం రాసి అందరూ సంతకాలు పెట్టాలి. మందులు, సెంటు సీసాలు, బ్యాటరీలు కార్టన్‌లో పెట్టొద్దు, కార్గో వాళ్ళు తీసేస్తారు. అతని బట్టలు, చెప్పులు, దుప్పటి పెట్టాక సగం ఖాళీగా ఉంది. పండుగకు ఇంటికి పోయేవాడు ఏం తీసుకుపోతాడో అవే ఒక్కొక్కరూ తెచ్చి పెట్టారు: రెండు నిడో పాలపొడి డబ్బాలు, టాంగ్ షర్బత్ పొడి, పిల్లకు స్కూలు బ్యాగు, ఖర్జూరం. చిరునామా నాలుగు పక్కలా మార్కర్‌తో నేను రాశాను, ఒక పక్క తెలుగులో కూడా. తాడు కట్టే పని పఠాన్ పెద్దాయన తీసుకున్నాడు. అడ్డంగా మూడు, నిలువుగా రెండు చుట్లు, ప్రతి దాటు దగ్గరా ముడి. ఊళ్ళో దింపుకున్నాక అన్న ఫొటో పంపాడు. ఒక్క ముడి కూడా జారలేదు.